ఉస్తాద్ కారుకు పెట్టిన బిరడా

మొయిన్ పేరు వినబడితే చాలు, రామ్‌చందర్ చేతిలో పానా ఒక్క క్షణం ఆగేది. ఎదుటివాళ్ళు గమనించేంతసేపు కాదు. అతని భార్య కాశమ్మ మాత్రం గమనించేది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరి మధ్య ఏదో పెద్ద గొడవే జరిగి ఉంటుందనుకుంది. ఏ గొడవా లేదని తర్వాత తెలిసింది. గొడవైతే ఎప్పుడో ఒకప్పుడు తీరేది. ఇది అసూయ. దానికి తీరడమన్నది లేదు.

ఇద్దరూ పద్నాలుగేళ్ళప్పుడు, పదిరోజుల తేడాతో, యాకుత్‌పురా రైల్వే స్టేషన్ దగ్గర అస్లాం ఉస్తాద్ షెడ్డులో పనికి చేరారు. ఒకే పళ్ళెంలో తిన్నారు, ఒకే బండి కింద పడుకుని మసి మింగారు. ఉస్తాద్ వచ్చినవాళ్ళకల్లా ఒకే మాట చెప్పేవాడు: "రామ్‌చందర్‌ది చెయ్యి, మొయిన్‌ది చెవి." మొయిన్ బండి శబ్దం విని జబ్బు చెప్పేవాడు, రామ్‌చందర్ ఇంజను విప్పి దాన్ని బాగుచేసేవాడు. విన్నవాళ్ళు ఇద్దరినీ మెచ్చుకున్నట్టే అనుకున్నారు. రామ్‌చందర్ మాత్రం ఆ మాటను ఏళ్ళతరబడి నమిలాడు. చెయ్యి కూలివాడికీ ఉంటుంది. చెవి ఉండేది తల పక్కన.

ఉస్తాద్ మంచాన పడ్డాక షెడ్డు తాళాలు మొయిన్‌ను పిలిచి ఇచ్చాడు. అప్పటికి రామ్‌చందర్ లాల్‌దర్వాజాలో సొంత షెడ్డు పెట్టుకుని పన్నెండేళ్ళయింది. ఆ తాళాలతో అతనికి పనే లేదు. అయినా ఆ రాత్రి అతనికి ముద్ద దిగలేదు.

ఉస్తాద్ పోయాక ఆయన మీగడరంగు కారు రెండేళ్ళు ఇంటి ముందు గుడ్డ కప్పుకుని పడుకుంది. ఇరవై నాలుగేళ్ళ నాటి బండి. ఆయన భార్య ఖైసర్ బేగం దాన్ని అమ్మనివ్వలేదు. మనవరాలు అలీనా డిగ్రీ చివరి ఏడాదిలో లైసెన్సు తెచ్చుకుని, మొన్న మార్చిలో దాన్ని బయటికి తీసింది. బేగంకు మోకాళ్ళు అరిగిపోయాయి. వారానికి మూడుసార్లు సైదాబాద్‌లో డాక్టరు దగ్గరికి వెళ్ళి కాళ్ళకు వ్యాయామం చేయించుకోవాలి. ఆటో మెట్టు ఎక్కలేదు కాబట్టి కారు కావాలి. ఆ కారేమో రోడ్డెక్కిన నెలకే నల్లటి పొగ కక్కడం మొదలుపెట్టింది. పెట్రోలు నీళ్ళలా తాగేది. సిగ్నల్ దగ్గర వణికి వణికి ఆగిపోయేది.

అలీనా దాన్ని ముందు రామ్‌చందర్ దగ్గరికే తెచ్చింది.

"చాచా, దాదీ మీ దగ్గరికే తీస్కపొమ్మన్నది. ఈ బండి గురించి మీకు తెల్సినంత ఎవ్వరికీ తెల్వదంట."

ఆ మాటను రామ్‌చందర్ ఆ సాయంత్రం కాశమ్మకు రెండుసార్లు చెప్పాడు. రెండోసారి చెప్పినప్పుడు "ఎవ్వరికీ" అన్నచోట కొంచెం ఆగాడు.

ప్లగ్గులు మార్చాడు. ఎయిర్ ఫిల్టరు కొత్తది వేశాడు. గాలి లోపలికి వెళ్ళే దారంతా విప్పి కిరసనాయిలుతో కడిగాడు. అప్పుడే చూశాడు దాన్ని. ఫిల్టరు డబ్బా దాటాక గాలిగొట్టానికి ఒక చిన్న కన్నం ఉంది. ఆ కన్నంలో చెక్కి సన్నం చేసిన బిరడా, దాని మీద రాగితీగ మూడు చుట్లు, చివర ఎడమవైపు మెలి. ఆ మెలి ఎవరిదో చెప్పడానికి అతనికి వెలుతురు కూడా అక్కర్లేదు. ఎడమకు మెలివేసేది అస్లాం ఉస్తాద్ ఒక్కడే. పక్కనే టేపు చుట్టిన రెండు తీగల ముక్క ఒకటి వేలాడుతోంది.

రామ్‌చందర్ బిరడా మీద వేలు పెట్టాడు, తీశాడు. ఉస్తాద్ పెట్టాడంటే ఏదో కారణం ఉండే ఉంటుంది. ఉస్తాద్ పనిని విప్పడానికి తనెవడు? అన్నీ మళ్ళీ బిగించి బండి ఇచ్చేశాడు.

వారానికి బండి తిరిగొచ్చింది. మళ్ళీ కడిగాడు. ఇంకో వారానికి మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత రాలేదు. రాకపోయేసరికి బాగైందనే అనుకుని, ఆ సంతోషాన్ని అలీనా నోట వినాలనిపించి ఫోన్ చేశాడు.

"బండి ఎట్ల నడుస్తుంది బిడ్డా?"

అలీనా గొంతు తగ్గించింది. "మొయిన్ చాచా దగ్గర పెట్టినం, చాచా. మీకు చెప్దామనే అనుకున్న..."

"మంచిగైంది. మంచిగైంది" అని రెండుసార్లు అన్నాడు రామ్‌చందర్. ఫోన్ పెట్టేశాక చేతిలోని పానాను డబ్బాలోకి విసిరాడు. అది డబ్బాలో పడక రోడ్డు మీదికి దొర్లింది.

మరునాడు మధ్యాహ్నం ఏదో బేరింగు కొనాలన్న నెపంతో యాకుత్‌పురా వెళ్ళాడు. బేరింగుల దుకాణం లాల్‌దర్వాజాలోనే ఉంది. ఆ సంగతి తనకు తాను చెప్పుకోలేదు.

ఉస్తాద్ షెడ్డు ఇప్పుడు షెడ్డులా లేదు. కింద టైల్సు, మీద ఫ్యాన్లు, గోడకు లైట్ల బోర్డు. మధ్యలో ఉస్తాద్ కారు బానెట్ తెరుచుకుని నిలబడి ఉంది. దాని డ్యాష్‌బోర్డు కింద తగిలించిన తీగ మొయిన్ చేతిలో ఉన్న, బండి జబ్బు చదివే స్కానరు దాకా వచ్చింది. మొయిన్ గడ్డం తెల్లబడింది కానీ నవ్వు అదే.

"అరే, రా రా రామ్‌చందర్! నువ్వొచ్చినవంటే సగం పని అయినట్టే."

ఈ మాట వేరే ఎవరన్నా అంటే రామ్‌చందర్‌కు నచ్చేది. మొయిన్ అన్నాడు కాబట్టి అందులో వెటకారం వెతికాడు. దొరకలేదు. దొరకనందుకు ఇంకా మంటెత్తింది.

"గిది చూడు, తమాషా" అంటూ మొయిన్ స్కానరు అతని ముందు పెట్టాడు. "లోపలికొచ్చే గాలి వేడి ఎంతని చూపిస్తుందో చదువు."

రామ్‌చందర్ కళ్ళజోడు సర్దుకుని చదివాడు. మైనస్ నలభై.

బయట మే నెల ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది.

"బండికి గాలి వేడి చెప్పే సెన్సరే లేదు భాయ్" అన్నాడు మొయిన్. "తీగ ఉత్తగ వేలాడుతుంది. సెన్సర్ నుంచి ఏం ఖబర్ రాకపోతే బండిల ఉన్న కంప్యూటర్ ఏమనుకుంటది? మస్తు చలి, మంచు పడుతుందనుకుంటది. చల్లటి గాలికి పెట్రోల్ ఎక్కువ కావాలె గదా, ఇగ పోస్తనే ఉంటది. అందుకే గా నల్ల పొగ. సెన్సర్ ఉండాల్సిన కన్నంల గీ బిరడా ఉన్నది."

బిరడా బల్ల మీద ఉంది. రాగితీగ విప్పి పక్కన పెట్టాడు.

"గది ఎవరు చుట్టిన్రో తెల్సా నీకు?" అన్నాడు రామ్‌చందర్. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

"తెల్వకపోవుడేంది? ఎడమ మెలి." మొయిన్ నవ్వు తగ్గింది. "ఆఖరికి ఆయనకు కండ్లు కనపడలే భాయ్. సెన్సర్ విరిగిపోయుంటది. ఎవరికీ చెప్పలేక బిరడా పెట్టిండు. నాకు కూడ విప్పబుద్ధి కాలే. ఒక దినమంతా చూసుకుంట కూసున్న. గని బండి నడవాలె కదా."

రామ్‌చందర్ బల్ల మీది బిరడా వైపు చూశాడు. తను భక్తితో వదిలేసినదాన్ని వీడు ప్రేమతో విప్పాడు. బండి విషయంలో ఎవరు సరైనవారో మైనస్ నలభై చెబుతూనే ఉంది.

"ఆన్‌లైన్‌ల తెప్పిస్తే మూడు పిన్నులది వచ్చింది, దీనికేమో రెండు పిన్నులది కావాలె" అన్నాడు మొయిన్. "మళ్ళ చెప్పిన, పదిహేను దినాలంటున్రు. నీకు ఏడన్న కనపడితే జర చెప్పు."

"చూస్త" అన్నాడు రామ్‌చందర్.

చూశాడు కూడా. మరునాడు పొద్దున్నే షెడ్డు కూడా తెరవకుండా సైదాబాద్ అవతల గుండయ్య తుక్కు దుకాణానికి వెళ్ళాడు. గుండయ్య పాత బండ్లు విప్పి, విడిభాగాలు వేరుచేసి అమ్ముతాడు. ఏ డబ్బాలో ఏముందో అతనికి తప్ప వేరొకరికి తెలియదు. ఉస్తాద్ కారు కాలం నాటిదే ఒకటి, ముందు భాగం నుజ్జయినది, గోడవారగా పడి ఉంది. దాని గాలిగొట్టంలో ఉంది సెన్సరు, చిటికెనవేలంత. రెండు పిన్నులు. రామ్‌చందర్ దాన్ని పీకి మీటరు తగిలించి గుప్పిట్లో పట్టుకున్నాడు. అరచేతి వేడికి మీటర్లో అంకె దిగాలి; మెల్లగా దిగడం మొదలైంది. బతికే ఉంది.

"నిన్న మొయిన్ భాయ్ గూడ గీ సెన్సరే అడిగిండు ఫోన్‌ల" అన్నాడు గుండయ్య. "రేపొచ్చి చూస్తనన్నడు."

"వానికోసమే తీస్కపోతున్న" అన్నాడు రామ్‌చందర్. ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో చూసి అతనే ఆశ్చర్యపోయాడు.

మొయిన్‌కు ఇవ్వాలని అతనికి లేదు. బస్సులో కూర్చుని చొక్కాజేబు తడుముకుంటూ మనసులో మరో బొమ్మ గీసుకున్నాడు. మొయిన్ పదిహేను రోజులు ఎదురుచూస్తాడు. మళ్ళీ తప్పు సెన్సరే వస్తుంది. బేగంకు విసుగు పుడుతుంది. "ఆ మెషీన్లు, లైట్లు దేనికి? రామ్‌చందర్‌నే పిలువు" అంటుంది. బండి లాల్‌దర్వాజాకు వస్తుంది. తను జేబులోంచి సెన్సరు తీసి, స్కానరు లేకుండా, మీటరు లేకుండా, రెండే నిమిషాల్లో పెట్టేస్తాడు. అప్పుడు మొయిన్ వచ్చి చూడాలి. తప్పకుండా రావాలి. వాడు లేకపోతే ఆ బొమ్మలో మజాయే లేదు.

మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు బట్టలు నానబెట్టబోతూ కాశమ్మ చొక్కాజేబులోంచి సెన్సరు తీసింది.

"ఏంది గిది?"

"బండి సామాన్."

"ఎవరి బండిది?"

అతను తువ్వాలు వెతుక్కున్నాడు. ముప్పయ్యేళ్ళ కాపురంలో అతను జవాబు చెప్పని ప్రశ్నలు చాలా తక్కువ. అవన్నీ మొయిన్ గురించినవే.

"ఉస్తాద్ కార్‌ది కదా?" అంది కాశమ్మ. "ఇంట్ల దాచిపెట్టినవా? ఆడ ముసలామె కాళ్ళు పట్టుకోని కూసున్నది, ఈడ నువ్వు జేబుల పెట్టుకోని తిరుగుతున్నవా? ఏమయ్యా, గా మొయిన్ మీద ఏడుపు నీకు బువ్వ కన్న ఎక్కువైందా?"

"నీకేం తెల్వదు, ఊకో."

"నాకు తెల్వకపోతే తియ్యి. నీకు తెల్సు కదా."

ఆమె సెన్సరును నీళ్ళు తగలకుండా గూట్లో పెట్టింది. ఇంకేం అనలేదు. ఇంకాస్త తిట్టి ఉంటే అతనికి కోపం తెచ్చుకునే వీలుండేది.

ఐదోరోజు ఉండబట్టలేక మళ్ళీ యాకుత్‌పురా వెళ్ళాడు. ఎందుకంటే చెప్పలేడు. బండి ఇంకా మొయిన్ దగ్గరే ఆగిపోయి ఉందా లేదా చూడాలి, అంతే. దూరం నుంచి చూస్తే సరిపోతుంది. చూశాడు. బండి అక్కడే ఉంది, బానెట్ మూసి, పైన దుమ్ము. మొదట గుండెలో చక్కెర పడ్డట్టయింది.

మలుపులోనే ఉస్తాద్ ఇల్లు. గేటు ముందు ఆటో ఆగి ఉంది. అలీనా ఒకవైపు, ఆటో డ్రైవరు ఒకవైపు ఖైసర్ బేగంను పట్టుకుని ఎక్కిస్తున్నారు. ఆమె కుడికాలు మెట్టు మీద పెట్టింది. మోకాలు ఆనలేదు. కాలు జారి, పిక్క మెట్టు అంచుకు గీసుకుపోయింది. ఆమె అరవలేదు. "యా అల్లా" అని మెల్లగా అనుకుని, కళ్ళు మూసుకుని, రెండో ప్రయత్నం కోసం ఊపిరి పీల్చుకుంది.

రామ్‌చందర్ చేతులు అతనికి చెప్పకుండానే ముందుకొచ్చాయి. వెళ్ళి ఆమెను వెనకనుంచి పట్టి సీట్లో కూర్చోబెట్టాడు. ఆమె ఎముకలు పిట్టవంత తేలిగ్గా ఉన్నాయి. ఈమె పెట్టిన రొట్టెలు తినే అతను పదేళ్ళు పెరిగాడు.

"రామ్‌చందర్ బేటా, నువ్వా?" బేగం మొహం వెలిగింది. "చూడు, ఎట్లయిన్నో. బండి ఉంటే గీ తిప్పలుండకపోవు. మొయిన్ కూడ పాపం ఏం చేస్తడు, సామాన్ దొరుకుతలేదంట."

చొక్కాజేబులో, గుండె మీద, సెన్సరు ఉంది. పొద్దున గూట్లోంచి తీసుకున్నప్పుడు ఎందుకు తీసుకున్నాడో ఆలోచించలేదు.

"దొరికింది అమ్మీ" అన్నాడు. "ఇగ మీరు వచ్చేవరకు పెట్టేస్తం."

మొయిన్ షెడ్డు దాకా నూరు అడుగులు కూడా లేవు. అబద్ధం ఒకటి తయారుచేసుకోవడానికి అవి చాలనుకున్నాడు. ఎల్లారెడ్డిగూడలో దొరికిందని చెప్పాలా, ఇవ్వాళే దొరికిందని చెప్పాలా? లోపలికి వెళ్ళి సెన్సరు బల్ల మీద పెట్టేసరికి అన్నీ మరిచిపోయి, "గిది... ఇయ్యాల దొరికింది" అన్నాడు.

మొయిన్ దాన్ని తీసుకుని ఇటూ అటూ తిప్పాడు. "శానా మంచిగున్నది" అన్నాడు. అంతే అన్నాడు. తర్వాత దాన్ని తిరిగి రామ్‌చందర్ చేతిలోనే పెట్టాడు. "నువ్వే పెట్టు భాయ్. తీగ కొస పెళుసైంది, జర విరిగినట్టున్నది. టాంకా వెయ్యాలె. నాకు గంత సన్నపు పని రాదు, నీకు తెల్సు కదా."

రామ్‌చందర్ టేపు విప్పాడు. చిలుము పట్టిన రాగి కొసలు కత్తిరించి, శుభ్రం చేసి, టంకం పెట్టాడు. పాత సైకిలు ట్యూబు కోసి కన్నానికి సరిపడా రబ్బరు వాషరు చేసి, సెన్సరును గాలి జొరకుండా నొక్కాడు. కనెక్టరు టిక్కుమని కూర్చుంది. నలభై ఏళ్ళ కిందటిలాగే మొయిన్ పక్కన నిలబడి, అడగకముందే ఏది కావాలో అది అందించాడు. ఆ కాసేపు రామ్‌చందర్‌కు మొయిన్ మీద ఏమీ అనిపించలేదు. చేతిలో పని ఉన్నంతసేపూ అంతే.

"తాళం తిప్పు" అన్నాడు మొయిన్, స్కానరు పట్టుకుని.

మైనస్ నలభై పోయింది. నలభై రెండు వచ్చింది. ఇంజను అందుకుని, ఒకసారి దగ్గి, సాఫుగా తిరగడం మొదలుపెట్టింది. ఇద్దరూ వెనక్కి వెళ్ళి గొట్టం దగ్గర కూర్చున్నారు. నల్లగా వచ్చిన పొగ పది నిమిషాల్లో పలచబడి కనిపించకుండా పోయింది.

సైదాబాద్ నుంచి ఆటో తిరిగొచ్చేసరికి కారు గేటు ముందే ఉంది. బేగం ఆటోలోంచే మొయిన్ చేతిలోని బిరడాను చూసి చెయ్యి చాచింది.

"గిది... గిది నా థర్మాస్ బిరడా కదా! గీ బిరడా కోసం ఇల్లంతా వెతికిన. పనామెను తిట్టిన పాపం!" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అది బండిలో ఎక్కడ దొరికిందో, ఉస్తాద్ ఎందుకు పెట్టాడో మొయిన్ చెబుతుంటే, నవ్వుతూనే ఆమె కళ్ళు నిండాయి. "కండ్లు పోయినయని చెప్పలే. నాతోని కూడ చెప్పలే. దొంగ మనిషి."

తర్వాత ఇద్దరి తలల మీదా చెయ్యి పెట్టింది. ముందు మొయిన్ తల మీద. రామ్‌చందర్ చూశాడు.

ఆమెను లోపలికి పంపించి ఇద్దరూ షెడ్డుకు నడిచారు. చాయ్ వచ్చింది. రామ్‌చందర్ కప్పు పట్టుకున్నాడు కానీ తాగలేకపోయాడు.

"మొయిన్. గది నాకు ఇయ్యాల దొరకలే."

"తెల్సు. గుండయ్య గా దినమే చెప్పిండు. నాకోసమే తీస్కపోయినవన్నడు."

"మరి అడగలేదెందుకు?"

మొయిన్ సాసరులో చాయ్ పోసుకుని ఊదాడు. "తెస్తవనుకున్న. తెచ్చినవ్ కదా."

రామ్‌చందర్ కప్పు బల్ల మీద పెట్టేశాడు. వీడు తిట్టి ఉంటే బాగుండేది. గల్లాపట్టి అడిగి ఉంటే, నలుగురిలో చెప్పి ఉంటే, ఎంతో బాగుండేది. మంచితనంలో కూడా తననే ఓడించాలా? సిగ్గు, కోపం, వీటి కింద ఎక్కడో సన్నగా ఒక తడి. ఏది ఏదో విడదీసుకోలేక లేచి వచ్చేశాడు. ఇంటికెళ్ళి జరిగిందంతా కాశమ్మకు చెప్పాడు, తన అబద్ధాలతో సహా. ఆమె విని, "గంత ఎండల తిరిగినవ్, మజ్జిగ తాగు" అంది.

అసూయ పోలేదు. ఇప్పటికీ అలీనా కారు యాకుత్‌పురాలో ఎంతసేపు ఆగింది, లాల్‌దర్వాజాలో ఎంతసేపు ఆగింది అని అతను లెక్క చూసుకుంటూనే ఉంటాడు. కానీ జూన్‌లో, ఇంజనులో ఏదో లోపముందని చెప్పే పసుపు లైటు వెలిగిన బండి ఒకటి అతని షెడ్డుకు వచ్చినప్పుడు, రెండురోజులు దానితో కుస్తీ పట్టి, మూడోరోజు దాన్ని తనే నడుపుకుంటూ మొయిన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. "గా మెషీన్ ఎట్ల చూడాల్నో నాకు గూడ చెప్పు" అన్నాడు, గోడ వైపు చూస్తూ.

మొయిన్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. స్టూలు లాగి కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. మొదట అంకెల గురించి చెప్పబోయి రంగుల గురించి చెప్పాడు. మధ్యలో ఏదో పాత బండి కథ ఎత్తుకున్నాడు. మళ్ళీ మొదటికొచ్చి, మొదటిసారి చెప్పినదానికి తలకిందులుగా చెప్పాడు. "సమజైందా?" అన్నాడు. కాలేదన్నాడు రామ్‌చందర్. ఇంకోసారి చెప్పాడు. ఈసారి తనకే అర్థం కాక గడ్డం గోక్కున్నాడు.

మొయిన్‌కు నేర్పడం రాదు. ఒక్క ముక్క రాదు. నలభై ఏళ్ళలో ఈ సంగతి రామ్‌చందర్‌కు తెలియలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వస్తూ అతను మూడు చోట్ల ఆగి తెలిసినవాళ్ళను పలకరించాడు. గల్లీ మొగలో మల్లెపూలు కొన్నాడు. వాటిని చేతికందిస్తుంటే కాశమ్మ అతని మొహం చూసి, "ఏంది గంత ఖుషీగున్నవ్?" అని అడిగింది.

"ఏం లేదు" అన్నాడు రామ్‌చందర్. "రేపు మళ్ళ పోవాలె మొయిన్ దగ్గరికి. పాపం, నేర్పుడు రాక మస్తు తిప్పలు పడుతున్నడు."